చక్రం మీద పూలదండ

కూలివాడికి పనిలో దెబ్బ తగులుతుంది. యజమాని నష్టపరిహారం కడతాడు. కాగితం మీద వేలిముద్ర పడుతుంది. ఇక ఫైలు కట్టి అటక మీద పడేయొచ్చని నేను వకీలుగా మొదటి ఐదారేళ్లు నమ్మాను. ఈమధ్య కోర్టు ఆవరణలో కొత్త నల్లకోట్ల మాటలు వింటూ కూర్చుంటే, వాళ్లూ అదే నమ్మకంతో ఉన్నారని అర్థమైంది. అడగకుండా సలహా ఇస్తే ముసలాయన చాదస్తం అంటారు. రాసి పెడితే చదివేవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను.

పెనుకొండలో ఆఫీసు పెట్టుకుని, అటు హిందూపురం, ఇటు ధర్మవరం కోర్టులకు బస్సుల్లో తిరుగుతూ డెబ్బైలు, ఎనభైలు గడిపాను. ఎన్ని కేసులు గెలిచానో చెప్పను, నాకే గుర్తు లేదు. ఒక కేసు మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. దాని గురించే చెప్తాను. అందులో నేను వకీలును, సాక్షిని, నిజం చెప్పాలంటే సగం ముద్దాయిని కూడా.

దూలం విరిగిన ఇల్లు

ముందు చిన్నది ఒకటి చెప్తే పెద్దది సులువుగా అర్థమవుతుంది.

ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు, తన దగ్గర పనిచేసే నేతగాడికి కొత్త జకార్డు పెట్టె కొనిచ్చాడు. చీర అంచులో నెమళ్లు, హంసలు తెప్పించే ఆ పెట్టె మగ్గం పైన ఉంటుంది. బరువు ఎక్కువ. షావుకారు మనుషులే వచ్చి దాన్ని ఆ అద్దె ఇంటి దూలానికి కట్టిపోయారు. కొన్ని నెలలకు దూలం విరిగి, నేతగాడి భుజం మీద పడింది. షావుకారు మంచివాడే. వైద్యం చేయించాడు, మగ్గం ఆడని నెలలకు కూడా కూలి ఇచ్చాడు. అంతా సర్దుకుందనుకున్నాక ఇంటి యజమాని వచ్చి, నా కప్పు సంగతేమిటని నిలదీశాడు.

షావుకారు నా వైపు తిరిగి, "దెబ్బ తగిలింది నేసేవానికి గదా సామీ, ఈయప్పకేం తగిలింది?" అని అడిగాడు. నవ్వొచ్చింది కానీ ప్రశ్న మంచిదే. పనిలో ప్రమాదం జరిగితే యజమాని, పనివాడు ఇద్దరే ఉండరు. పక్కన మూడోవాడు ఒకడుంటాడు. ఇల్లు అద్దెకిచ్చినవాడో, మిషను బిగించినవాడో, లారీ తోలేవాడో. పనివాడి లెక్క తీరినంత మాత్రాన ఆ మూడోవాడికి జరిగిన నష్టం తీరిపోదు. యజమాని వల్ల అతను ఇరుక్కుంటే, యజమాని అతనికీ జవాబు చెప్పుకోవాలి. షావుకారు రెండు రోజులు గొణిగి కప్పు వేయించి ఇచ్చాడు. నేను ఆ పాఠం నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదు.

మిల్లులో పూజ

హిందూపురం శివార్లలో, పెనుకొండ రోడ్డు మీద నంజుండప్పకు వేరుశనక్కాయల మిల్లు ఉండేది. కాయలు ఒలిచి విత్తనాలు వేరుచేసే మిషను అక్కడి ముఖ్యమైన సరంజామా. ప్రతి సంవత్సరం ఆయుధపూజకు ఆయన ఊళ్లోని నలుగురినీ పిలిచేవాడు. ఆ ఏడు నన్నూ పిలిచాడు. అప్పటికి నేను ఆయన వకీలును కాదు. హిందూపురంలో మిల్లుల వాళ్ల కేసులు దొరికితే బాగుంటుందని నాకు ఆశ. ఉతికిన పంచె కట్టుకుని మరీ పోయాను.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. మిషను పెద్ద చక్రానికి విభూతి, కుంకుమ పెట్టి లావుపాటి చామంతి దండ కడతారు. కట్టాక దాని మీద చెయ్యి వేయకూడదు. చక్రం తిరుగుతూ తిరుగుతూ అదే ఎండి రాలిపోవాలి. నంజుండప్ప తండ్రి కాలంలో, ఆయిలు ఇంజను మెల్లగా తిరిగే రోజుల్లో మొదలైన ఆచారం అది. అప్పట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఏడు మాత్రం ఇంజను పోయి కొత్త కరెంటు మోటరు వచ్చింది.

ఆ మోటరు బిగించింది దస్తగిరి. పెనుకొండ బస్టాండు వెనక అతనికి చిన్న రేకుల షెడ్డు, అందులో ఇనుము తరిమెన పట్టే ఒక లేతు మిషను ఉండేవి. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. చక్రానికీ బెల్టుకూ అడ్డంగా పెట్టడానికి ఇనుప జాలీ కూడా తనే చేసి తెచ్చాడు. తీరా చూస్తే చక్రానికి దండ కట్టేసి ఉంది. దండ ఉంటే జాలీ పట్టదు.

"సామీ, దండ తీసేస్తే జాలీ బిగిచ్చి పోతా. ఇది పాత ఇంజను గాదు. దీని వేగం వేరే," అన్నాడు దస్తగిరి.

"దండ మీద చెయ్యి పెట్టగూడదప్పా. మా నాయన కాలం నుంచి ఉండే పద్ధతి," అన్నాడు నంజుండప్ప. "మూడు దినాలకు అదే రాలిపోతాది. నాలుగో దినం వచ్చి బిగిచ్చు."

"అంతదంకా మోటరు ఎయ్యొద్దండి మల్ల."

"కాయలొచ్చే కాలంలో మూడు దినాలు మిల్లు నిలబెడితే ఎట్లప్పా? ఏమన్నా అయితే నాది పూచీ. నీకేం సంబంధం లేదు, పో."

దస్తగిరి కదల్లేదు. స్పానరు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నంజుండప్ప నా వైపు చెయ్యి చూపించాడు. "ఇదో, వకీలు సామి ముందరే చెప్తాండా. నాదే పూచీ. ఏం సామీ, మీరే సాక్షి."

నా చేతిలో ఆకు, ఆకులో వేడి గుగ్గిళ్లు. అందరూ నా వైపు చూశారు. తల ఊపి, "సాక్షి ఫీజు వేరే అవుతుంది మరి," అన్నాను. గొల్లున నవ్వారు. దస్తగిరి నవ్వలేదు. ఒకసారి నా ముఖంలోకి చూసి, జాలీని గోడకు ఆనించి, సామాన్ల సంచి భుజాన వేసుకుని పోయాడు.

నాకు గుగ్గిళ్లు పెట్టినవాడి పేరు ఓబులేసు. నల్లమాడ దగ్గర పల్లెవాడు. మిషన్లోకి మూటలు ఎత్తిపోసే పని. ఐదో తరగతి వరకు చదివాడు, సంతకం పెట్టగలడు, ఆ సంగతి ఎవరు కలిసినా చెప్పుకునేవాడు. "ఇంగ కొన్ని పెట్టేదా సామీ?" అని అడిగి, వద్దన్నా ఇంకో గుప్పెడు పెట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం దండ సగం ఎండి, దారం వేలాడుతూ బెల్టుకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పూలరెక్కలు ఒలిచిన విత్తనాల్లో పడుతున్నాయి. మోటరు ఆపడానికి స్విచ్చి అవతలి గోడకు ఉంది. ఇంకొకడైతే దండ పీకి పారేసేవాడు. ఓబులేసు పీకలేదు. పీకకూడదు కదా. వేలాడే కొసను మళ్లీ చక్రం మీదికి దోపుదామని చెయ్యి పెట్టాడు. బెల్టు ఆ చేతిని లాక్కుంది. ఆసుపత్రిలో కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారు.

ఒక్క వాక్యం

వారం తర్వాత నంజుండప్ప నన్ను వకీలుగా పెట్టుకున్నాడు. హిందూపురంలో నా మొదటి మిల్లు కేసు అది. సిగ్గు విడిచి చెప్తున్నాను, లోపల సంతోషపడ్డాను.

మిల్లు యజమానులంతా దుర్మార్గులని నేననను. చట్టం ప్రకారం కట్టాల్సింది కూలీల నష్టపరిహారాలు చూసే కమిషనరు దగ్గర కట్టేశాడు, నాన్చలేదు. దానిమీద ఇంకొంత తనంతట తాను ఇచ్చాడు. అది ముట్టినట్టు ఒక రాజీపత్రం కావాలి. నేను రాశాను. అందులో ఈ వాక్యం ఉంది: "ఫిట్టరు దస్తగిరి జాలీ బిగించకుండా వెళ్లిపోయినందువల్ల ఈ ప్రమాదం జరిగినది, ఇందులో మిల్లు యజమాని తప్పు ఏమియు లేదు."

ఆ వాక్యం ఎవరి నోటినుంచి వచ్చిందని అడగకండి, చెప్పను. రాసింది నా చెయ్యి. మొదటి ముక్కలో అబద్ధం వెతికినా దొరకదు. దస్తగిరి బిగించకుండా పోయిన మాట నిజమే. ఎందుకు బిగించలేదో మాత్రం రాయలేదు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఇది గట్టిగా చెప్తున్నాను. పచ్చి అబద్ధం రాయమంటే మీకే చెయ్యి ఆగుతుంది. ఇట్లాంటి సగం నిజాలు మాత్రం కలం ఆగకుండా జారిపోతాయి, పైగా బాగా రాశామన్న తృప్తి కూడా మిగులుతుంది.

ఓబులేసు, అతని భార్య లక్ష్మక్క నా ఆఫీసుకు వచ్చారు. కట్టు ఇంకా విప్పలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. వాళ్ల బస్సుకు టైమవుతోంది. ముట్టిన మొత్తం, ఇక మిల్లు మీద ఏ దావా లేదన్న మాట చదివి వినిపించాను. "మిగతాదంతా మామూలే రాసేదిలే, బస్సు పోతుంది మీకు," అన్నాను. సంతకం పెట్టే చెయ్యి లేదు కాబట్టి ఎడమ బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించుకున్నాను.

దస్తగిరి వచ్చిన రోజు

ఏడాది తిరిగాక ఒక ఉదయం దస్తగిరి నా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కోర్టు సమన్లు.

ఓబులేసు వచ్చిన డబ్బులు వైద్యానికి, పాత అప్పులకు పోగా, ధర్మవరంలో భార్య తరఫు వాళ్ల పంచన చేరాడు. అక్కడ ఎవరో వకీలు నా రాజీపత్రం చూశాడు. మిల్లు మీద దావా వేసే దారి మూసుకుపోయింది కానీ, తప్పు ఫిట్టరుదని అందులో స్పష్టంగా ఉందాయె. ఓబులేసు తరఫున దస్తగిరి మీద పెనుకొండ కోర్టులో దావా వేశాడు. తీర్పు వచ్చేలోపు షెడ్డు అమ్ముకోకుండా జప్తు నోటీసు కూడా అంటించారు. ఆ వకీలును నేను తప్పుపట్టను. నా కాగితం చేతికొస్తే నేనూ అదే చేసేవాణ్ని.

"కూర్చో దస్తగిరీ," అన్నాను.

"పరవాలేదు సార్." అతను నిలబడే మాట్లాడాడు. "లేతు మిషనుకు గూడా నోటీసు అతికిచ్చినారు. పని ఇచ్చేటోళ్లు అది సూసి ఎనక్కు పోతాండారు. కోర్టులో ఓడిపోతే షెడ్డు పోతాది. నాకు అదొక్కటే సార్ ఉండేది."

నేను కళ్లెత్తలేదు. "నేను మిల్లు తరఫు వకీలును. ఈ విషయంలో నీతో నేనేమీ మాట్లాడకూడదు."

"ఆ పొద్దు మీరుండారనే పోయినా సార్," అన్నాడు. "వకీలు సామి సాక్షి అన్నాడు, మీరు తల ఊపినారు. మీరు లేకపోయింటే మోటరు వైర్లు పీకేసి పోయింటి."

గొంతు పెంచి తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. నేను చట్టం గురించి ఏదో గొణిగాను, మాట్లాడకూడదని మళ్లీ అన్నాను.

"మాట్లాడొద్దులే సార్. ఆ పొద్దు గూడా మీరేం మాట్లాడలేదు," అని సమన్లు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు ఇంకే ఫైలూ ముట్టుకోలేకపోయాను. నాకు చాలా సిగ్గేసింది.

కండెలు చుట్టే ఇల్లు

అవతలి పక్షం మనిషిని, అతని వకీలు లేకుండా పోయి కలవకూడదు. నేను పోయాను. అదీ తప్పే. మీరు పోకండి.

ధర్మవరంలో వేరే కేసు ముగించుకుని, ఓబులేసు ఉండే సందు వెతుక్కుంటూ పోయాను. లక్ష్మక్క వాకిట్లో కూర్చుని రాట్నం తిప్పుతూ పట్టుదారం కండెలకు చుడుతోంది. ఓబులేసు ఆమె ఎదురుగా కూర్చుని, కాలి బొటనవేలికి దారం చిక్కు తగిలించుకుని ఎడమ చేత్తో విడదీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"దస్తగిరి తప్పు ఎంతుందో నీకు తెలుసా ఓబులేసూ?" అని అడిగాను.

"ఆయప్ప జాలీ తెచ్చినాడు, బిగిస్తానన్నాడు. ఆడనే ఉంటి గదా సామీ, నాకు తెల్దా?" అన్నాడు. "కానీ కాయితంలో ఆయప్ప పేరే ఉండాదంట గదా. నేనే ఏలిముద్ర ఏసినానంట. ఇంగ నేనేం చెప్పినా చెల్లదని మా వకీలు అంటాడు."

లక్ష్మక్క రాట్నం ఆపింది. "ఆ పొద్దు మీరు సదివినప్పుడు ఆ మాట సదవలేదు సామీ. నేను ఇంటానే ఉంటి."

ఆమె మాటలో కోపం లేదు. జరిగింది చెప్పింది, అంతే. నేను లేచి వచ్చేశాను. ధర్మవరం బస్టాండు దాకా ఎట్లా నడిచానో గుర్తు లేదు.

అతిథినా, వకీలునా

ఆ వారమే నంజుండప్పకు కోర్టు నోటీసు వచ్చింది. దస్తగిరి వకీలు అర్జీ పెట్టాడు: నా క్లయింటు మీద ఎంత డిక్రీ అయినా, ఆ మొత్తం మిల్లు యజమానే భరించాలి, జాలీ వద్దని ఆపిందీ, పూచీ పడిందీ ఆయనే, కాబట్టి ఆయన్నీ కేసులో చేర్చండి అని. ఓబులేసుకు నంజుండప్ప ఏనాడో ఇచ్చేశాడు. ఇప్పుడు ప్రశ్న ఓబులేసుది కాదు, దస్తగిరిది. ధర్మవరం దూలం కథే, పెద్ద ఎత్తున.

నంజుండప్ప నా ఆఫీసుకు వచ్చాడు. అరగంట కూర్చున్నాడు. ఆ అరగంటలో ఆయన నాతో అన్నవి రాయను. వకీలుకు చెప్పిన మాట వకీలుతోనే పోవాలి. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడని, ఆ చెయ్యి బరువుగా అనిపించిందని మాత్రం రాస్తాను.

అప్పటికి హిందూపురం మిల్లుల వాళ్ల ఫైళ్లు నా దగ్గర చాలా చేరాయి. నా ఆదాయంలో సగం అక్కడినుంచే. ఇంట్లో ముగ్గురు పిల్లలు. నోరు మూసుకుంటే ఏమీ పోదు, పైగా మూసుకోవడమే వృత్తి ధర్మమని నాకు నేను చెప్పుకున్నాను. రెండు రోజులు బాగానే చెప్పుకున్నాను. మూడో రోజు మా సీనియరు ఇంటికి పోయాను.

ఆయన దగ్గర నేను నాలుగేళ్లు పని నేర్చుకున్నాను. తిట్టని రోజు లేదు. కామా తప్పు పడితే కాగితం చించి ముఖాన కొట్టేవాడు. అంత మోటుతనం అక్కర్లేదని ఇప్పటికీ అంటాను, నా జూనియర్లను నేనట్లా చేయలేదు. కానీ చిక్కు పడితే నాకు గుర్తొచ్చేది ఆయన అరుగే. జరిగిందంతా, చెప్పకూడనిది వదిలేసి, చెప్పాను.

"నువ్వు ఆ పూజకు పోయింది వకాలత్తు తీసుకోకముందా, తీసుకున్నాకనా?" అని అడిగాడు.

"ముందే."

"కేసు పని మీద పోయినావా?"

"లేదు. గుగ్గిళ్లకు పోయినా."

"మల్ల నా కాడికి ఎందుకొచ్చినావబ్బా?" అన్నాడు. "అతిథిగా పోయి నలుగురి మధ్యలో చూసింది, ఇన్నది రహస్యమెట్లయితాది? వకీలైనాక ఆయప్ప నీకు చెప్పింది నోట్లోంచి రాగూడదు. ముందు చూసింది నీ సొంతం. చెప్పేది ఇష్టం లేక చట్టం ఎనకాల దాక్కుంటాండావు, అంతే."

ఆయన అరుగు మీంచి లేచాడు.

"సాక్షి వకీలుగా ఉండగూడదు. ముందు ఆ వకాలత్తు ఇచ్చేసిరా. ఇంగోటి, నువ్వు రాసిన కాయితం గురించి గూడా అడుగుతారు. దానికి జవాబు తయారు చేసుకోవద్దు. ఉండేది ఉండేట్ల చెప్పు," అని లోపలికి పోయాడు.

మర్నాడు మిల్లుకు పోయి నంజుండప్పకు ఫైలు తిరిగి ఇచ్చాను. ఎందుకో చెప్పాను. 

"పిలిచి, కూసోబెట్టి, ఆకులో పెడితే తిన్నారు గదా సామీ," అన్నాడు. తర్వాత కన్నడంలో ఒక మాట అన్నాడు, నాకు అర్థం కాదనుకున్నాడేమో, అర్థమైంది. మళ్లీ తెలుగులోకి వచ్చాడు. "పోండి. హిందూపురంలో ఇంగ మీకు దుడ్లిచ్చి కేసిచ్చేవాడు ఎవడో సూస్తా."

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. రెండు నెలల్లో మిల్లుల ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. నేను భయపడలేదని గొప్పలు చెప్పుకోను. బాగా భయపడ్డాను.

బోనులో

రోజూ అవతల నిలబడి ప్రశ్నలడిగే మనిషి ఒకరోజు బోను ఎక్కి చూడాలి. ప్రతి వకీలుకూ ఒకసారి ఈ యోగం పట్టాలని కోరుకుంటాను. 

కోర్టు నిండిపోయింది. ముందు బెంచీలో నంజుండప్ప, గోడ పక్కన నిలబడి దస్తగిరి, చివర్లో ఓబులేసు, లక్ష్మక్క. దస్తగిరి వకీలు అడిగినదానికి పూజనాడు చూసింది, విన్నది చెప్పాను. దండ, జాలీ, పూచీ మాట, నన్ను సాక్షి అనడం, అన్నీ. తర్వాత ఆయన, "రాజీపత్రంలో దస్తగిరి పేరు ఎవరు రాయమన్నారు?" అని అడిగాడు.

నంజుండప్ప ముఖం పాలిపోయింది. దస్తగిరి తలెత్తి చూశాడు. ఒక్క పేరు చెప్తే ఆ రోజే కేసు తేలిపోతుందని కోర్టులో అందరికీ తెలుసు.

"అది చెప్పను. వకీలుగా ఉన్నప్పటి సంగతి. రాసింది మాత్రం నేను," అన్నాను.

దస్తగిరి మళ్లీ తల దించుకున్నాడు. నేను అతన్ని రెండోసారి వదిలేశానని అనుకున్నాడేమో. ఆ క్షణం నాకు చాలా కష్టమైంది.

అప్పుడు మిల్లు తరఫు కొత్త వకీలు లేచాడు. అనంతపురం నుంచి వచ్చినవాడు, చురుకైనవాడు. తొందరపడకుండా మొదలుపెట్టాడు.

"జాలీ లేకుండా మిషను నడపడం చట్టరీత్యా తప్పని మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజు జాలీ లేదని కళ్లారా చూశారు?"

"చూశాను."

"ఫిట్టరు భయపడుతున్నాడని కూడా తెలిసింది. నిజంగా అట్లాంటి మాటలే జరిగి ఉంటే, చట్టం చదువుకున్న మనిషి మీరు, మిషను నడపొద్దని నా క్లయింటుకు చెప్పారా?"

"చెప్పలేదు."

"అంటే అట్లాంటిదేమీ జరగలేదు. జరిగి ఉంటే మీరు ఊరుకునేవారు కాదు. కాదు, జరిగిందంటారా, ఆ సమయంలో మీరేం చేశారో కోర్టుకు చెప్పండి."

అతని వల ఎక్కడుందో నాకు కనబడింది. నన్ను నేను మంచివాడిగా చూపించుకోవాలని చూస్తే, జరిగినవన్నీ అబద్ధమైపోతాయి. దస్తగిరి షెడ్డు పోతుంది.

"గుగ్గిళ్లు తిన్నాను," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. జడ్జిగారి కలం ఆగింది. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "అట్లాగే రాయమంటారా?" అని అడిగాడు.

"అట్లాగే రాయండి. నన్ను సాక్షి అన్నారు, నేను పరిహాసమాడి గుగ్గిళ్లు తిన్నాను. నేను ఒక్క మాట అని ఉంటే ఓబులేసు చెయ్యి పోయేది కాదు. దస్తగిరి వైర్లు పీకకుండా పోయింది నన్ను చూసి. ఆ కాగితంలో నేను రాసింది సగం. మిగతా సగం ఇప్పుడు చెప్తున్నాను."

అనంతపురం వకీలు ఇక ప్రశ్నలు లేవని చెప్పి కూర్చున్నాడు. 

తీర్పు, ఆ తర్వాత

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. జాలీ లేని మిషనుకు కరెంటు కలిపి వదిలిపోయిన తప్పు దస్తగిరికి కొంత ఉందన్నారు. అందుకని ఓబులేసుకు డిక్రీ ఇచ్చారు. అయితే జాలీ ఆపి, పూచీ పడి, ఫిట్టరును పంపించేసింది మిల్లు యజమాని కాబట్టి, దస్తగిరి కట్టాల్సిందంతా ఆయనే భరించాలన్నారు. షెడ్డు మీద జప్తు తీసేశారు. నంజుండప్ప అప్పీలుకు పోతానన్నాడు, పోలేదు. మరుసటి దసరాకు ఆ మిల్లు ముందునుంచి బస్సులో పోతూ చూశాను. దండ జాలీ మీద కట్టి ఉంది.

దస్తగిరి ఒకసారి ఆఫీసుకు వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. కృతజ్ఞతలు చెప్తాడేమోనని ఇబ్బందిగా ఎదురుచూశాను, చెప్పలేదు. టీ తాగి లేస్తూ, "ఇంగ మీదట యాడన్నా జాలీ లేకుండా సూస్తే, తినేముందరే చెప్పండి సార్," అన్నాడు. అప్పటినుంచి ఏ మిల్లు పూజకు పోయినా ముందు జాలీ ఎక్కడుందని అడిగేవాణ్ని. కొందరు నన్ను పిలవడం మానేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఓబులేసు, లక్ష్మక్క వచ్చారు. డిక్రీ మొత్తం ముట్టినట్టు అవతలి వకీలు రాసిచ్చిన రసీదు అతని చేతిలో ఉంది.

"సంతకం పెట్టేముందర ఇది సదివి చెప్పల్ల సామీ," అన్నాడు.

"మీ ధర్మవరం వకీలు ఉన్నాడు కదా ఓబులేసూ, నా దగ్గరికెందుకు?"

"ఆయప్పకు తప్పు యాడుంటాదో తెలుస్తాదో లేదో. మీకైతే బాగా తెల్సు గదా," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

కాగితం తీసుకుని ముఖ్యమైన చోటు కోసం కిందికి చూపు పోనిచ్చాను. అలవాటు అంత తొందరగా పోదు. రోడ్డు మీద ధర్మవరం బస్సు హారను కొట్టింది. "మీ బస్సు వచ్చినట్టుంది," అన్నాను.

ఓబులేసు కదల్లేదు. జేబులోంచి పెన్ను తీసి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఏడాదిగా ఆ చేత్తో నేర్చుకుంటున్నాడని లక్ష్మక్క చెప్పింది.

"పోనీండి సామీ, ఇంగో బస్సు వస్తాది," అన్నాడు. "మీరు మొదట్నుంచి సదవండి. ఒక్క మాట గూడా ఇడ్సిపెట్టొద్దండి."

నేను కళ్లజోడు తుడుచుకుని, పై వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను.